జామీను ఎవరిది? దిగువ కృష్ణా డెల్టాలో కళాశాల చదువు ఖర్చు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో కళాశాల చదువుకయ్యే ఖర్చును కుటుంబాలు ఏయే వనరులతో భరించాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వారాల భోజనం, భూమి అమ్మకం, కట్నం, దాతల విరాళం, ప్రభుత్వ సహాయం, బ్యాంకు రుణం అనే ఆరు మార్గాలను చారిత్రక క్రమంలో చర్చిస్తుంది. సాహిత్యాన్ని, సంస్థల చరిత్రను, ఇటీవలి ఫీజుల లెక్కలను కలిపి చూస్తే ఈ ప్రాంతంలో చదువును నిర్ణయించింది రుసుము ఒక్కటే కాదనీ, ఆ ఖర్చుకు జామీనుగా ఎవరు నిలబడ్డారన్నది అంతకంటె ముఖ్యమనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కళాశాల విద్య, వారాలు, పసుపుకుంకుమ భూమి, వరకట్నం, ఆంధ్ర జాతీయ కళాశాల, విద్యారుణం, కౌలుదారు, దివిసీమ.

1. ఉపోద్ఘాతం

తెలుగు ప్రాంతంలో ఆంగ్లవిద్య చరిత్రను మిషనరీల కృషి, సంస్కరణోద్యమం, జాతీయోద్యమం అనే మూడు కోణాల నుంచి పరిశోధకులు విస్తృతంగా చర్చించారు. ఆ చదువుకు డబ్బు ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న మాత్రం ఎక్కువగా ఆత్మకథల్లో, నాటకాల్లో, నవలల్లో చెదురుమదురుగా మిగిలిపోయింది. ఒక కుటుంబం కొడుకునో కూతురినో కళాశాలకు పంపాలనుకున్నప్పుడు వేసుకునే లెక్క కేవలం ఆర్థికమైనది కాదు. ఏ పొలం అమ్మాలి, ఎవరి నగలు తాకట్టు పెట్టాలి, ఏ బంధువు ఇంట్లో ఉంచాలి, ఎవరి చేత పూచీ ఇప్పించాలి అన్నవి అందులో కలిసే ఉంటాయి. ఆ లెక్కలో ఆ కుటుంబపు కులం, భూమి, స్త్రీల స్థానం అన్నీ బయటపడతాయి.

దిగువ కృష్ణా డెల్టా ఈ పరిశీలనకు అనువైన ప్రాంతం. రాబర్ట్ నోబుల్ 1843లో బందరులో ప్రారంభించిన పాఠశాల నోబుల్ కళాశాలగా ఎదిగి ఈ ప్రాంతానికి ఆంగ్లవిద్యను దగ్గర చేసింది. 1855 నాటికి పూర్తయిన బెజవాడ ఆనకట్ట ఇక్కడి భూమికి విలువ తెచ్చింది. 1923లో ఇదే పట్టణంలో ఆంధ్రా బ్యాంకు పుట్టింది. చదువు, భూమి, అప్పు అనే మూడూ ఇంత దగ్గరగా పెరిగిన ప్రాంతాలు తెలుగునాట తక్కువ.

2. అన్నం లెక్క: వారాలు, మధూకరం, పూటకూళ్లు

పంతొమ్మిదో శతాబ్దపు చివర, ఇరవయ్యో శతాబ్దపు మొదట పట్టణానికి వచ్చిన పేద విద్యార్థికి ఎదురయ్యే మొదటి ఖర్చు బడి జీతం కాదు, రెండు పూటల అన్నం. దీనికి సమాజం కనిపెట్టిన ఏర్పాటు వారాలు. విద్యార్థి వారంలో ఒక్కొక్క రోజు ఒక్కొక్క ఇంట భోజనం చేస్తాడు. ఏడిళ్లు కుదిరితే చదువు సాగుతుంది. ఒక ఇల్లు తప్పితే ఆ రోజు పస్తు. ఇంటింటా వండిన అన్నం అడిగి తెచ్చుకొనే మధూకరం దీనికి పూర్వరూపం. సంప్రదాయ విద్యకు పుట్టిన ఈ ఏర్పాట్లే ఆంగ్లవిద్యకూ ఉపయోగపడ్డాయి.

ఈ వ్యవస్థలో రెండు విషయాలు గమనింపదగినవి. మొదటిది, ఇది అందరికీ అందుబాటులో ఉన్నది కాదు. పంక్తి నియమాల కారణంగా వారాలు ప్రధానంగా బ్రాహ్మణ విద్యార్థులకే పరిమితమయ్యాయి. రైతుకులాల పిల్లలకు, దళితుల పిల్లలకు ఆ ఏడిళ్లూ తెరిచి లేవు. రెండవది, వారం పెట్టేది గృహస్థు పేరుతోనే అయినా వండి వడ్డించే శ్రమ స్త్రీలది. ఈ శ్రమ విలువ ఏ లెక్కలోనూ కనబడదు. టంగుటూరి ప్రకాశం జీవితం దీనికి స్పష్టమైన ఉదాహరణ. ఆయన తల్లి ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి కొడుకును చదివించింది. ఉపాధ్యాయుడు ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అండగా నిలిచి రాజమహేంద్రవరానికి వెంట తీసుకుపోయాడు. తరువాతి కాలపు బారిస్టరు, ముఖ్యమంత్రి చదువుకు తొలి పెట్టుబడి ఒక వితంతువు వంటిల్లు, ఒక గురువు ఆదరణ.

వారాలకు బయట మిగిలిన వారికోసం వసతిగృహాలు వచ్చాయి. బందరులో పుట్టి, నోబుల్ కళాశాలలో కొంతకాలం బోధించిన రఘుపతి వేంకటరత్నం నాయుడు కాకినాడలో దళిత విద్యార్థులకు వసతి కల్పించడం ఈ మార్పులో ముఖ్యమైన ఘట్టం. కులాలవారీ విద్యార్థి వసతిగృహాలు కూడా ఈ దశలోనే పట్టణాల్లో వెలిశాయి. 1944లో షెడ్యూల్డు కులాల విద్యార్థులకు మొదలైన పోస్టు మెట్రిక్ ఉపకారవేతనం ఈ క్రమంలో ప్రభుత్వం వేసిన తొలి పెద్ద అడుగు. అన్నం దయ నుంచి హక్కు వైపు కదలడానికి అంతకాలం పట్టింది.

3. భూమి లెక్క

ఆనకట్ట నీరు వచ్చాక డెల్టా రైతుకు పంట నిలకడగా వచ్చింది. మిగులుతో పాటు చదువుపై ఆశ కూడా పుట్టింది. గుడివాడ దగ్గరి అంగలూరు రైతుకుటుంబంలో 1887లో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి బందరు నోబుల్ కళాశాలలో చేరి, 1914లో డబ్లిన్ వెళ్లి 1917లో బారిస్టరుగా తిరిగిరావడం ఈ మార్పుకు గుర్తు. రెండు తరాల ముందు అటువంటి కుటుంబం నుంచి అటువంటి ప్రయాణం ఊహకు కూడా అందేది కాదు.

అయితే భూమి ఉన్న ఇంట కూడా చదువు భయం లేకుండా రాలేదు. గురజాడ 'కన్యాశుల్కం'లో అగ్నిహోత్రావధానులు ఇంగ్లీషు చదువు కింద ఉన్న భూమి కరిగిపోతుందని వాపోతాడు. భార్య వెంకమ్మ తన పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చిన భూమి అమ్మి అయినా కొడుకును చదివిస్తానంటుంది. నాటకంలోని ఊరు ఉత్తరాంధ్రకు చెందినది. కానీ ఆ సంభాషణ వెనుక ఉన్న లెక్క తీరాంధ్ర అంతటిదీ. విమర్శకులు ఈ ఘట్టాన్ని ఎక్కువగా హాస్యం కోణంలో చదివారు. ఆర్థికచరిత్ర కోణంలో చూస్తే అది ఒక సాక్ష్యం. ఇంటి యజమాని వెనుకాడినప్పుడు కొడుకు చదువుకు ముందుకు వచ్చిన ఆస్తి స్త్రీ సొంత ఆస్తి. అంతేకాదు, తన పేరున ఉన్న ఒకే ఒక్క ఆధారాన్ని వదులుకోవడానికి ఆమె ముందుకు వస్తుంటే, ఆ చదువు ఫలితం మీద ఆమెకు ఎటువంటి హక్కూ లేదు.

భూమి అమ్మి చదివించిన చదువు ఫలించకపోతే ఏమవుతుందన్న ప్రశ్నకు 1930ల ఆర్థికమాంద్యం సమాధానం చెప్పింది. ధాన్యం ధర కూలింది, ఉద్యోగాలు కరువయ్యాయి. కృష్ణకు ఆవలి ఒడ్డున తెనాలికి చెందిన కొడవటిగంటి కుటుంబరావు బెనారస్‌లో మొదలుపెట్టిన ఎమ్మెస్సీని మాంద్యం కారణంగా మధ్యలో ఆపవలసివచ్చింది. ఆయన 'చదువు' నవలలో సుందరం కథ ఈ అనుభవానికి సాహిత్యరూపం. చదువు వలన ఉద్యోగం, ఉద్యోగం వలన ఆస్తి అన్న మధ్యతరగతి నమ్మకం మార్కెట్టు ముందు ఎంత బలహీనమో ఆ నవల నిదానంగా నిరూపిస్తుంది.

4. బందరు ప్రయత్నం: కళాశాల, బ్యాంకు

ఇంటింటికీ విడివిడిగా ఉన్న ఈ భారాన్ని సమాజం ఉమ్మడిగా మోయగలదా అన్న ప్రశ్నకు బందరు ఒక సమాధానం వెతికింది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య 1910లో ప్రజల విరాళాలతో ఆంధ్ర జాతీయ కళాశాల స్థాపించారు. పుస్తకవిద్యతో పాటు చేతిపని నేర్పడం ద్వారా ప్రభుత్వోద్యోగం అవసరం లేని జీవనోపాధిని కల్పించాలన్నది దాని ఆశయం. పింగళి వెంకయ్య అక్కడ బోధించాడు. ప్రమోదకుమార ఛటర్జీ చిత్రకళ నేర్పాడు. అడివి బాపిరాజు తరువాత దానికి అధ్యక్షత వహించాడు. విశ్వనాథ సత్యనారాయణ కొంతకాలం అక్కడ పనిచేశాడు. ఆయన 'వేయిపడగలు'లో ధర్మారావు పాత్ర ద్వారా జాతీయ విద్యను గురించి సాగిన చర్చకు ఈ అనుభవం నేపథ్యం.

పట్టాభి సీతారామయ్య పాత్ర ఇక్కడ ప్రత్యేకంగా పరిశీలించదగినది. చిన్నతనంలో పేదరికం ఎరిగినవాడు. మద్రాసు క్రిస్టియన్ కళాశాలలో, వైద్య కళాశాలలో చదివి బందరులో వైద్యవృత్తి చేపట్టాడు. జాతీయ కళాశాల వెలిసిన ఐదేళ్లకు 1915లో కృష్ణా జిల్లా సహకార కేంద్ర బ్యాంకు, 1923 నవంబరులో లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో ఆంధ్రా బ్యాంకు, 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ ఏర్పడ్డాయి. అన్నిటి వెనుకా ఆయన ఉన్నాడు. విద్యాసంస్థ, పరపతిసంస్థ, బీమాసంస్థ ఒకే పట్టణంలో ఒకే తరం చేతుల్లో పుట్టడం యాదృచ్ఛికం అనుకోవడం కష్టం. వడ్డీవ్యాపారి మీద ఆధారపడే రైతు తన పిల్లవాడిని చదివించలేడని, రైతు పరపతి బాగుపడితే గాని చదువు విస్తరించదని ఆ తరం గ్రహించిందని ఈ సంస్థల క్రమాన్ని బట్టి ఊహించవచ్చు.

అయితే ఈ రెండు మార్గాలు కలవలేదు. జాతీయ కళాశాల పట్టాకు ప్రభుత్వ గుర్తింపు విలువ లేకపోవడంతో విద్యార్థుల కుటుంబాలు దాన్ని ఆదర్శంగా గౌరవించినా, పొలం అమ్మిన డబ్బు పెట్టదగిన చోటుగా చాలామంది భావించలేదు. పరపతిసంస్థలు పంటకు, వ్యాపారానికి అప్పిచ్చాయి. చదువుకోసం అప్పు అన్న భావన వాటి ఊహకు అప్పటికింకా రాలేదు. ఉమ్మడి జామీను అన్న ఆలోచన ఆదర్శంగా మిగిలి, ఖర్చు తిరిగి కుటుంబానికే వచ్చింది.

5. కట్నం: అల్లుడి చదువుకు మామ పెట్టుబడి

కుటుంబం ఈ ఖర్చును తిరిగి రాబట్టుకోవడానికి ఎన్నుకున్న మార్గం పెళ్లి. కన్యాశుల్కం తగ్గి వరకట్నం పెరిగిన కాలమూ, ఆంగ్లవిద్య వ్యాపించిన కాలమూ ఒకటే. కాళ్లకూరి నారాయణరావు 'వరవిక్రయం' ఈ బేరసారాలను రంగస్థలం మీదికి తెచ్చింది. వరుడి చదువు పెరిగినకొద్దీ ధర పెరగడం, పెళ్లికి ముందే మామగారు చదువు ఖర్చు భరించడానికి ఒప్పుకోవడం, విదేశీ చదువుకు కట్నం సొమ్ము కట్టడం తీరాంధ్ర కుటుంబాల్లో పరిపాటి అయ్యాయి.

లెక్క దృష్ట్యా చూస్తే కట్నం ఒక రకమైన బదిలీ. ఒక ఇంటి కూతురికి రావలసిన భాగం మరొక ఇంటి కొడుకు చదువు ఖర్చుకు జమ అవుతుంది. అంటే వెంకమ్మ పసుపుకుంకుమ భూమికి పట్టిన గతే మరింత పెద్ద ఎత్తున కొనసాగింది. చదువుకున్న కొడుకు ఆస్తి, చదివించవలసిన కూతురు ఖర్చు అన్న విభజన ఈ లెక్కలోంచే బలపడింది. 1961 వరకట్న నిషేధ చట్టం ఈ ఆచారాన్ని ఆపలేకపోయింది. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా కల్పించడం సూత్రప్రాయంగా ఈ లెక్కను మార్చింది. వాటా చేతికి వస్తే ఆమె చదువుకు ఆమె ఆస్తే ఆధారం కాగలదు. ఆచరణలో కట్నమే వాటాగా లెక్కించే అలవాటు కొనసాగడంతో ఆ మార్పు పరిమితమయింది.

6. గుడివాడ: విరాళం నుంచి సీటు ధర వరకు

స్వాతంత్ర్యానంతరం డెల్టా రైతుల మిగులు పట్టణాలకు, పరిశ్రమలకు, సినిమాకు, విద్యాసంస్థలకు తరలింది. 1980ల్లో కేరల్ ఉపాధ్య తీరాంధ్ర రైతు పెట్టుబడిదారుల మీద చేసిన అధ్యయనం ఈ పరిణామాన్ని వివరించింది. గుడివాడ దానికి మంచి ఉదాహరణ. 1950లో ఏర్పడిన గుడివాడ కళాశాల తరువాత అక్కినేని నాగేశ్వరరావు విరాళంతో ఆయన పేరు పొందింది. సమీప రామాపురంలో పుట్టిన ఆయన చదువు పేదరికం వలన ప్రాథమిక స్థాయిలోనే ఆగిపోయింది. తనకు దొరకని చదువును తన ప్రాంతపు పిల్లలకు ఇంటి దగ్గరే అందేలా చేయడంలో ఒక న్యాయం ఉంది. ఆర్థికంగా దీని ప్రయోజనం స్పష్టం. కళాశాల ఊళ్లోకి వస్తే బస, భోజనం ఖర్చు పోతుంది. ఆ ఖర్చు పోవడంతో అంతకుముందు బందరు, బెజవాడ, గుంటూరు పంపడానికి ఇష్టపడని ఆడపిల్లలను కూడా చదివించడం సాధ్యమయింది.

అదే మిగులు మరో రూపం కూడా తీసుకుంది. వృత్తివిద్య సీటును ముందుగా పెద్దమొత్తం కట్టి కొనడం 1980ల మొదట వివాదమయింది. గుడివాడకు చేరువలోని నిమ్మకూరులో పుట్టి, విద్యార్థి దశలో బెజవాడ హోటళ్లకు పాలు పోసి చదువుకున్న నందమూరి తారక రామారావు 1983లో ముఖ్యమంత్రి అయిన వెంటనే క్యాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఉన్నికృష్ణన్ కేసులో 1993లో సుప్రీంకోర్టు ఉచిత సీట్లు, చెల్లింపు సీట్లు అన్న విభజన చేసింది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ తీర్పు ఆ పథకాన్ని పక్కన పెట్టి ప్రైవేటు కళాశాలలకు ఫీజు నిర్ణయంలో ఎక్కువ స్వేచ్ఛ ఇచ్చింది. ఈ మధ్యకాలంలోనే గుడివాడ, బందరుల మధ్య గుడ్లవల్లేరులో 1998లో ఇంజనీరింగు కళాశాల ప్రారంభమయింది. దాత స్థానంలో యాజమాన్యం, విద్యార్థి స్థానంలో కోటా వచ్చాయి.

2000ల చివరి సంవత్సరాల్లో మొదలైన ఫీజు రీయింబర్స్‌మెంటు ఈ ఖర్చును ప్రభుత్వం మీదికి మళ్లించింది. చదువుకు ప్రభుత్వమే జామీను ఇచ్చిన ఈ ఏర్పాటు భూమిలేని కుటుంబాలకు వృత్తివిద్య ద్వారం తెరిచింది. 2020లో విద్యాదీవెన, వసతిదీవెన పేర్లతో రూపం మార్చుకొని, డబ్బు తల్లుల ఖాతాల్లో పడే పద్ధతి వచ్చింది. 2024 తరువాత ఫీజు తిరిగి కళాశాలల ఖాతాలకే చెల్లించాలని నిర్ణయించారు. చదువు ఖర్చు లెక్కలో తల్లి పేరు అధికారికంగా కనిపించిన కాలం చరిత్రలో చాలా కొద్ది. ప్రభుత్వాలు ఏవైనా, చెల్లింపు ఆలస్యమైన ప్రతిసారీ ఆ భారం ముందుగా పడేది విద్యార్థి కుటుంబం మీదనే.

7. దివిసీమ: జామీను లేని ఇల్లు

పులిగడ్డ వద్ద కృష్ణ రెండు పాయలుగా చీలి సముద్రంలో కలిసే మధ్యభాగం దివిసీమ. కాలువ చివరి భూములు, ఉప్పునేలలు, చల్లపల్లి జమీందారీ నాటి నుంచి వచ్చిన కౌలు సంబంధాలు దీన్ని పై డెల్టా నుంచి వేరుచేస్తాయి. 1977 నవంబరు 19 ఉప్పెనలో, అధికారిక లెక్కల ప్రకారమే, సుమారు 10,000 మంది మరణించారు. వారిలో అత్యధికులు ఈ సీమవారు. పశువులు, పంట, ఇల్లు ఒక్కరాత్రిలో పోయిన కుటుంబానికి అమ్మడానికి గాని, తాకట్టు పెట్టడానికి గాని ఏదీ మిగలలేదు. భూమిని చదువుకు పూచీగా చూసే లెక్క ఇక్కడ పనిచేయదు.

2001లో భారతీయ బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా విద్యారుణ పథకాన్ని ఈ నేపథ్యంలో చూడాలి. దాని ప్రకారం 4 లక్షల రూపాయల వరకు తాకట్టు అక్కరలేదు. ఆపైన 7.5 లక్షల వరకు మూడో వ్యక్తి హామీ, దానికి మించితే ఆస్తి తాకట్టు కావాలి. 2015 నుంచి కేంద్ర రుణహామీ నిధి 7.5 లక్షల వరకు కొంత వెసులుబాటు ఇచ్చింది. ఆ పరిమితి దాటిన చదువుకు పాత ప్రశ్నే ఎదురవుతుంది. కౌలుదారుకు 2019 చట్టం ప్రకారం సాగు హక్కు పత్రం దొరికితే పంటరుణం రావచ్చు. ఆ భూమిని కొడుకు చదువుకు తాకట్టు పెట్టే హక్కు మాత్రం దానితో రాదు. కనుక దివిసీమలో ఎకరాలకొద్దీ సాగుచేసే కుటుంబం కూడా బ్యాంకు దృష్టిలో జామీను లేని కుటుంబమే.

ఈ దూరాన్ని ధాన్యంలో కొలిస్తే మరింత స్పష్టమవుతుంది. 2023–24లో బందరులో ప్రభుత్వ వైద్యకళాశాల ప్రారంభమయింది. కొత్త ప్రభుత్వ వైద్యకళాశాలలకు ఆ సంవత్సరం ప్రకటించిన వార్షిక ఫీజులు మూడు రకాలు: సాధారణ సీటుకు 15,000, సెల్ఫ్ ఫైనాన్సు సీటుకు 12 లక్షలు, ప్రవాస భారతీయుల కోటా సీటుకు 20 లక్షల రూపాయలు. అదే సంవత్సరం సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 2,183 రూపాయలు. అంటే 75 కిలోల బస్తా సుమారు 1,637 రూపాయలు. సాధారణ సీటు ఏడాది ఫీజు 9 బస్తాలకు కొంచెం పైన. వసతిదీవెన కింద డిగ్రీ విద్యార్థికి ఏడాదికి ఇచ్చిన 20,000 సుమారు 12 బస్తాలు. సెల్ఫ్ ఫైనాన్సు సీటు సుమారు 733 బస్తాలు. ఎకరానికి ముప్పై బస్తాలు పండాయనుకున్నా, పెట్టుబడి, కౌలు ఏమీ తీయకుండానే అది 24 ఎకరాలకు పైబడిన పంట. మూడో సీటు 40 ఎకరాలకు పైబడినది. ఒకే పట్టణంలో, ఒకే కళాశాలలో, ఒకే తరగతిగదిలో కూర్చొనే ముగ్గురు విద్యార్థుల మధ్య ఉన్న దూరమిది. చదువు మీద మక్కువ ఒకటే అయినా, వెనుక నిలిచే పూచీ ఒకటి కాదు.

8. ముగింపు

ఈ పరిశీలన వలన తేలిన అంశాలు:

1. దిగువ కృష్ణా డెల్టాలో కళాశాల చదువుకు ప్రధాన అడ్డంకి చాలాకాలం వరకు బోధన రుసుము కాదు, బస, భోజనాలు. వారాలు, వసతిగృహాలు, ఊళ్లో కళాశాల, వసతిదీవెన అనేవి ఒకే సమస్యకు వేర్వేరు కాలాలు ఇచ్చిన జవాబులు.

2. భూమి ఉన్న కుటుంబానికి చదువు ఒక పెట్టుబడి, భూమి లేని కుటుంబానికి ఒక అప్పు. ఈ భేదం విద్యారుణ నియమాల్లో నేటికీ కొనసాగుతున్నది.

3. పసుపుకుంకుమ భూమి, పూటకూళ్ల శ్రమ, కట్నం రూపంలో ఈ ప్రాంతపు పురుషుల చదువుకు స్త్రీల ఆస్తి, శ్రమ మూలధనంగా పనిచేశాయి. సాహిత్యం దీన్ని చరిత్రగ్రంథాల కంటె ముందుగా నమోదు చేసింది. ఆధునిక సాహిత్యంలోని ఆర్థికాంశాలను ఈ దృష్టితో పునఃపరిశీలించవలసి ఉన్నది.

4. 1910–1923 మధ్య బందరులో కళాశాలను, బ్యాంకును పక్కపక్కనే నిర్మించిన తరం చదువుకు ఉమ్మడి జామీను సాధ్యమేనన్న సూచన చేసింది. ఆ రెంటినీ కలిపే ఏర్పాటు అప్పుడు రూపొందలేదు. కౌలు చేసే కుటుంబానికి, ఉప్పెనలో ఆస్తి కోల్పోయిన కుటుంబానికి, ఆస్తి తన పేర లేని తల్లికి కూడా వర్తించే జామీను ఏదన్నది నేటికీ మిగిలిన ప్రశ్న. 2020లో ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమై పేరు మాసిపోయినా, ఆ ప్రశ్న మాత్రం బందరులోనే పుట్టిందన్న సంగతి ఈ ప్రాంత విద్యాచరిత్రలో చేర్చవలసినది.